నానమ్మ పాటలు ఏఎంఆర్ ఫైళ్ళలో ఉన్నాయి, పాడవకుండా బయటికి తీయడం ఎలా?

పెందుర్తి_పిల్ల
2009 వేసవి సెలవుల్లో మా నానమ్మ పాడిన దంపుళ్ళ పాటల్ని నాన్న తన బటన్ల ఫోన్‌లో రికార్డు చేశారు. మొత్తం 43 ఫైళ్ళు. నానమ్మ 2012లో పోయింది. ఆ ఫోన్ కూడా ఎప్పుడో పోయింది. మెమరీ కార్డు మాత్రం మొన్న బీరువా సర్దుతుంటే అమ్మ కుంకుమ భరిణెలో దొరికింది.

కార్డ్ రీడర్‌లో పెట్టి ఫైళ్ళన్నీ నా ఫోన్‌లోకి ఎక్కించాను. అన్నిటి పేర్ల చివరా ఏఎంఆర్ అనే ఉంది. మ్యూజిక్ యాప్‌లో ఒక్కటీ కనబడదు. అన్నయ్య ఫోన్‌కి పంపితే తెరుచుకోలేదు. కంప్యూటర్‌లోనూ అంతే. స్టోర్‌లో వెతికి కన్వర్టర్ యాప్ ఒకటి వేసుకుంటే అది మొదటి పాటలో ముప్పై సెకన్లు మార్చి, మిగతాదానికి డబ్బు కట్టమంది. సరే అని ఒక షాపులో ఇచ్చాను. ఐదు పాటలు ఎంపీ3గా మార్చి ఇచ్చారు. వింటే నానమ్మ నూతిలోంచి పాడుతున్నట్టుంది. నాన్న కాసేపు విని "ఇది మా అమ్మ గొంతు కాదు" అని లేచి వెళ్ళిపోయారు.

ఇంకో రెండు ఫైళ్ళు ఎక్కడా తెరుచుకోవట్లేదు. చాలా టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్ళు ఎవరైనా చెప్పండి.

జగదాంబ_కుర్రోడు
ఇంత టెన్షన్ ఎందుకండీ. అన్నీ 320 కేబీపీఎస్ (అంటే సెకనుకి 320 కిలోబిట్లు) ఎంపీ3లోకి మార్చేయండి, క్వాలిటీ అదిరిపోద్ది. పాతవి డిలీట్ చేసెయ్యండి, స్పేస్ మిగులుద్ది.

కోడ్_కబుర్లు
డిలీట్ మాత్రం చెయ్యకండి!! పెందుర్తి_పిల్ల గారూ, దయచేసి ఇంకేమీ ముట్టుకోకండి. కార్డు బయటికి తీసి పక్కన పెట్టండి. ఆఫీసు నుంచి ఇంటికెళ్ళాక వివరంగా రాస్తాను.

డాబాగార్డెన్స్_రిపేర్
నేను పద్దెనిమిదేళ్ళుగా ఫోన్లు బాగుచేస్తున్నాను. ఏఎంఆర్ అంటే పాత ఫోన్లు గొంతు రికార్డు చేసే పద్ధతి. ఫైల్ పాడవలేదమ్మా, మీ మ్యూజిక్ యాప్ దాన్ని పాటగా లెక్కలోకి తీసుకోవడం లేదు, అంతే. ఆండ్రాయిడ్‌లో ఏఎంఆర్ చదివే ఏర్పాటు మొదటి నుంచీ ఉంది. వీఎల్‌సీ అనే ప్లేయర్ యాప్ వేసుకో. ఉచితం, ప్రకటనలు ఉండవు. అందులో ఫోల్డర్ తెరిచి ఫైల్ మీద నొక్కు. మార్చకుండా నేరుగా విను. ముందు మీ నాన్నగారికి అది వినిపించు.

పెందుర్తి_పిల్ల
వేశాను. వస్తోంది!! నానమ్మే. కొంచెం పీలగా ఉంది కానీ నానమ్మే. నాన్న డ్యూటీ నుంచి రాగానే వినిపిస్తాను. చాలా థాంక్స్ అన్నా.

ఎంవీపీ_రాత్రిపక్షి
ఇదే విషయం కాబట్టి ఇక్కడే అడుగుతున్నా. మా చెల్లి ఉద్యోగం అప్లికేషన్‌కి తన ఐఫోన్‌లో ఫోటో తీసి అప్‌లోడ్ చేస్తుంటే ఆ వెబ్‌సైట్ తీసుకోవట్లేదు. ఫైల్ పేరు చివర హెచ్ఈఐసీ అని ఉంది. దాన్ని జేపీజీ అని మార్చినా తీసుకోలేదు. ఎల్లుండే ఆఖరు తేదీ.

డాబాగార్డెన్స్_రిపేర్
పేరు మారిస్తే లోపల సరుకు మారదు కదా. కందిపప్పు డబ్బా మీద పంచదార అని రాస్తే కాఫీ తియ్యగా ఉంటుందా? సెట్టింగ్స్‌లో కెమెరా, అందులో ఫార్మాట్స్, అక్కడ మోస్ట్ కంపాటిబుల్ ఎంచుకుని ఫోటో మళ్ళీ తీయమను. ఇకమీదట తీసేవన్నీ జేపీజీలే వస్తాయి.

కోడ్_కబుర్లు
2017లో ఐఓఎస్ 11 వచ్చినప్పటి నుంచీ ఐఫోన్లు హెచ్ఈఐసీలోనే తీస్తున్నాయి. అదే ఫోటోకి జేపీజీ పట్టే చోటులో దాదాపు సగం చాలుతుంది, అందుకని. ఫార్మాట్ మంచిదే. చాలా వెబ్‌సైట్లు ఇంకా జేపీజీ దగ్గరే ఆగిపోయాయి. పని అయ్యాక మీ చెల్లిని సెట్టింగ్ వెనక్కి మార్చుకోమనండి.

ఎంవీపీ_రాత్రిపక్షి
అయిపోయింది, అప్‌లోడ్ అయ్యింది. కందిపప్పు ఉదాహరణ మా అమ్మకి బాగా నచ్చింది.

కోడ్_కబుర్లు
ఇప్పుడు పెందుర్తి_పిల్ల గారికి. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

ఏఎంఆర్ అనేది సెల్‌ఫోన్ మాటల కోసం చేసిన పద్ధతి. 1999లో 3జీపీపీ అనే మొబైల్ ప్రమాణాల సంస్థ దాన్ని ప్రమాణంగా తీసుకుంది. శబ్దం నుంచి సెకనుకి 8,000 నమూనాలు మాత్రమే తీస్తుంది. ఆడియో సీడీలో 44,100 ఉంటాయి. మనిషి గొంతు ఎలా పుడుతుందో దానికి ఒక అచ్చు ఉంటుంది, ఆ అచ్చులో ఇమిడేదే దాచుకుంటుంది. అందుకే మాట బాగానే, ఒట్టి గొంతు పాట ఓ మాదిరిగా పట్టుకుంటుంది. రోకటి పోటు, గాజుల చప్పుడు లాంటివి మాత్రం అట్టపెట్టె మీద కొట్టినట్టు వినిపిస్తాయి. ఆ రోజు రికార్డయ్యేటప్పుడే పోయినదాన్ని ఇప్పుడు ఏ యాప్ కూడా వెనక్కి తేలేదు. 320 కేబీపీఎస్‌లో పెట్టినా చిన్న గిన్నెలో పాలు పెద్ద బిందెలోకి పోసినట్టే. పాలు పెరగవు. జగదాంబ_కుర్రోడు, కోపం తెచ్చుకోకు బ్రో.

షాపు వాళ్ళ పని నా అంచనాలో ఇదీ: రోకటి పోటుని రొద అనుకుని నాయిస్ తీసే ఫిల్టర్ గట్టిగా వేశారు. రొదతో పాటు గొంతు కూడా గీక్కుపోయింది. దాని మీద తక్కువ బిట్‌రేట్ (సెకనుకి తక్కువ డేటా) ఎంపీ3. నూతిలోంచి వచ్చినట్టు అనిపించేది అందుకే.

మీరు చెయ్యాల్సింది: అసలు ఏఎంఆర్ ఫైళ్ళు ఎలా ఉన్నవి అలాగే మూడు చోట్ల దాచండి. వినడానికి మాత్రం ఇంకో కాపీ వేవ్ లేదా ఫ్లాక్ అనే ఫార్మాట్‌లోకి మార్చండి. అలా మారిస్తే కొత్తగా ఏమీ పోదు. సైజు భయం వద్దు. 12.2 కేబీపీఎస్ రికార్డింగ్ అయితే నిమిషానికి 96,000 బైట్లు. అదే 8,000 నమూనాల వేవ్ అయితే 9,60,000 బైట్లు, సరిగ్గా పదింతలు. పాట మూడు నిమిషాలు అనుకున్నా 43 పాటలూ కలిపి 125 ఎంబీ దాటవు. ఫ్లాక్‌లో అయితే ఇంకా తగ్గుతుంది. కంప్యూటర్‌లో ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత ప్రోగ్రామ్ తెలిస్తే ఒక్క ఆదేశంతో అయిపోతుంది. తెలియకపోతే కంప్యూటర్ వీఎల్‌సీలోనే మార్చే సదుపాయం ఉంది.

జగదాంబ_కుర్రోడు
కోపం ఏమీ లేదు బ్రో. పాలు, బిందె అర్థమైంది. కానీ ఒక్కటి. వేవ్, ఫ్లాక్ అంటే మా ఇంట్లో పెద్దవాళ్ళకి ఎలా తెలుస్తాయి? ఎంపీ3 అయితే కారులో, చైనా స్పీకర్లో, దేంట్లో పెట్టినా మోగుద్ది. వినేవాళ్ళకి అందకపోతే దాచి ఏం లాభం?

సీతమ్మధార_మాస్టారు
కుర్రాడి మాటలో న్యాయం ఉంది. ఎంపీ3 లైసెన్సుల వ్యవహారం కూడా 2017లోనే ముగిసింది, దానిమీద ఇప్పుడు ఎవరి హక్కులూ లేవు. దాచడానికి అసలు ఫైలు, పంచడానికి ఎంపీ3, రెండూ ఉండవచ్చు. అసలు ఫైలు తీసేయమనడమే తప్పు.

నా గోడు కూడా ఒకటి ఉంది. 2013లో నేను శతక పద్యాల యాప్ ఒకటి చేశాను. పద్యం మీద నొక్కితే నేనే చదివి వినిపించేవాణ్ణి. మా స్కూలు పిల్లలతో కూడా కొన్ని చదివించాను. తర్వాత నాకు కుదరక అప్‌డేట్లు ఇవ్వలేదు. కొన్నేళ్ళకి కొత్త ఫోన్లు కొన్నవాళ్ళకి స్టోర్‌లో అది కనబడడం మానేసింది. గల్ఫ్‌లో ఉన్న పాత విద్యార్థి ఒకడు "మాస్టారూ, మా పాపకి మీ గొంతు వినిపిద్దామంటే యాప్ లేదు" అని ఫోన్ చేశాడు. పద్యాలన్నీ ఆ యాప్ లోపలే ఉండిపోయాయి. నేను విడిగా దాచుకున్న కంప్యూటర్ పాడైపోయింది.

కోడ్_కబుర్లు
మాస్టారూ, ఏపీకే ఫైల్, అంటే యాప్‌ని ఇన్‌స్టాల్ చేసే ఫైల్, ఎవరి దగ్గరైనా ఉందా? ఆండ్రాయిడ్ 14 నుంచి, ఆండ్రాయిడ్ 6 కన్నా పాత వెర్షన్ల లెక్కన చేసిన యాప్‌లు మామూలుగా ఇన్‌స్టాల్ కానివ్వదు. భద్రత కోసం పెట్టారు. కానీ మనకి యాప్ నడవక్కర్లేదు, పద్యాలు చాలు. ఏపీకే అంటే లోపల జిప్ ఫైలే. కంప్యూటర్‌లో జిప్ లాగా విప్పితే ఆడియో ఫైళ్ళు బయటికి వచ్చేస్తాయి. రెస్ అనే ఫోల్డర్‌లో రా అని ఉంటుంది, లేదా అసెట్స్ అని ఉంటుంది. చూడండి.

సీతమ్మధార_మాస్టారు
ఆ గల్ఫ్ కుర్రాడి పాత ఫోన్‌లో యాప్ ఇంకా ఉందట. అడుగుతాను. నిజంగా వస్తాయంటావా నాయనా?

కోడ్_కబుర్లు
ఆ ఫోన్ ఆన్ అయితే చాలు మాస్టారూ. ఫోన్‌లోంచి ఏపీకే తీయడం నేను చెప్తాను.

గోపాలపట్నం_గృహిణి
కన్వర్టర్ యాప్‌ల గురించి ఒక హెచ్చరిక. మా మామయ్యగారు ఇలాంటిదే ఒకటి "మూడు రోజులు ఉచితం" అంటే వేసుకున్నారు. నచ్చక తీసేశారు. అయినా వారం వారం డబ్బు కట్ అవుతూనే ఉంది. రెండు నెలలు ఎవ్వరం గమనించలేదు. ఫోన్‌లోంచి యాప్ తీసేస్తే సబ్‌స్క్రిప్షన్ ఆగదు. ప్లే స్టోర్‌లో మన ఫోటో మీద నొక్కి, పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్‌లోకి వెళ్ళి విడిగా క్యాన్సిల్ చెయ్యాలి. పెందుర్తి_పిల్ల గారూ, మీరు కార్డు వివరాలేమైనా ఇచ్చారా? ఇప్పుడే చూసుకోండి.

పెందుర్తి_పిల్ల
లేదండీ, డబ్బు అడగగానే భయమేసి తీసేశాను. అయినా మీరు చెప్పినట్టు వెళ్ళి చూశాను, ఏమీ లేదు.

డాబాగార్డెన్స్_రిపేర్
ఇంకోటి కూడా చూసుకోండి. పాట ఫార్మాట్ మార్చే యాప్‌కి మీ కాంటాక్టులతో ఏం పని? అడిగిందంటే వెంటనే తీసేయండి.

ఉక్కు_బీ_షిఫ్ట్
నాదీ ఒకటి చెప్పండి. హుద్‌హుద్ తుఫాను రోజు, 2014 అక్టోబరు 12. గాజువాకలో మా ఇంటి కిటికీలోంచి ఎదుటింటి రేకులు లేచిపోవడం ఫోన్‌లో తీశాను. తీస్తుండగానే చార్జింగ్ అయిపోయి ఫోన్ ఆగిపోయింది. తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు, గుర్తుండే ఉంటుంది అందరికీ. చార్జింగ్ పెట్టాక చూస్తే 3జీపీ అనే వీడియో ఫైల్ ఉంది, 38 ఎంబీ ఉంది, ఎందులోనూ తెరుచుకోదు. అందులో మా నాన్న "తలుపు వదలకు రా" అని అరిచిన అరుపు ఉంది. అదొక్కటే నాకు కావాల్సింది. వీఎల్‌సీలోనూ రాలేదు.

జగదాంబ_కుర్రోడు
హుద్‌హుద్ అంటే నాకు మా వీధి చింతచెట్టు గుర్తొస్తుంది. పొద్దున చూస్తే ఆకాశం ఖాళీ.

భీమిలి_అల
మా కొబ్బరి తోట మొత్తం పడుకుంది ఆ రోజు. ఒక్క ఫోటో కూడా లేదు మా దగ్గర.

కోడ్_కబుర్లు
ఉక్కు అన్నా, మీది బాగయ్యే అవకాశం ఉంది. 3జీపీ, ఎంపీ4 ఫైళ్ళలో బొమ్మా శబ్దమూ ఒక చోట ఉంటాయి. ఏది ఎక్కడుందో చెప్పే పట్టిక మూవ్ అనే భాగంలో ఉంటుంది. చాలా ఫోన్లు ఆ పట్టికని రికార్డింగ్ ఆపినప్పుడు ఆఖర్న రాస్తాయి. మీ ఫోన్ మధ్యలో ఆగిపోయింది కాబట్టి పట్టిక రాయలేదు. పుస్తకం అంతా ఉంది, విషయసూచిక లేదు, పేజీ నంబర్లు లేవు.

అదే ఫోన్‌తో తీసిన మంచి వీడియో ఇంకొకటి ఉంటే, దాని పట్టిక చూసి దీనికి కొత్త పట్టిక కట్టే ఉచిత ప్రోగ్రామ్ ఉంది, అన్‌ట్రంక్ అంటారు. అదే ఫోన్, అదే సెట్టింగ్. అది ముఖ్యం. ఉందా?

ఉక్కు_బీ_షిఫ్ట్
మా ఆవిడ సీమంతం వీడియో ఉంది. అదే ఫోన్, అదే ఏడాది.

కోడ్_కబుర్లు
చాలు. రెండూ పంపండి. వాట్సాప్‌లో వీడియోగా పంపకండి, అది మళ్ళీ కుదించేస్తుంది. డాక్యుమెంట్‌గా జతచేసి పంపండి, అప్పుడు ఉన్నది ఉన్నట్టు వస్తుంది. అందరూ ఇది గుర్తుపెట్టుకోండి.

పెందుర్తి_పిల్ల
నాన్నకి నిన్న రాత్రి వినిపించాను. మొదటి పాట అయ్యేదాకా మాట్లాడలేదు. రెండోదాంట్లో నానమ్మ మధ్యలో దగ్గి, మళ్ళీ అందుకుంటుంది. అక్కడ నాన్న "ఇదిగో, ఇదీ" అన్నారు. షాపు వాళ్ళ ఫైల్‌లో ఆ దగ్గు లేదు.

మీరు చెప్పినట్టే అసలు ఫైళ్ళు నా కంప్యూటర్‌లో, అన్నయ్య హార్డ్ డిస్క్‌లో, ఆన్‌లైన్‌లో పెట్టాను. 41 పాటలు ఫ్లాక్‌లోకి మార్చాను. ఆ తెరుచుకోని రెండిటి సంగతి ఏం చెయ్యాలి? ఒకటి సున్నా బైట్లు చూపిస్తోంది. రెండోది 288 కేబీ ఉంది కానీ వీఎల్‌సీ కూడా తీసుకోవట్లేదు.

కోడ్_కబుర్లు
288 కేబీ అంటే మూడు నిమిషాల పాట ఉన్నట్టే. ఏఎంఆర్‌లో గొప్ప సుగుణం ఏంటంటే 3జీపీలాగా దానికి పట్టిక అక్కర్లేదు. 20 మిల్లీసెకన్లకి ఒక ముక్క చొప్పున వరసగా పేర్చుకుంటూ పోతుంది. తోక తెగిపోయినా ఉన్నంతవరకు పాడుతుంది. మొదట్లో ఆరు బైట్ల గుర్తు మాత్రం ఉండి తీరాలి. హ్యాష్, ఆశ్చర్యార్థకం, తర్వాత ఏ ఎం ఆర్ అక్షరాలు, ఆఖర్న కొత్త వరుస గుర్తు. అది చెడితే ప్లేయర్ దాన్ని ఏఎంఆర్ అనే ఒప్పుకోదు.

ఫైల్‌లోని బైట్లు నేరుగా చూపించే హెక్స్ ఎడిటర్‌లో ఆ ఫైల్ కాపీ తెరిచి మొదటి వరుస చూడండి. కాపీనే తెరవండి, అసలుది వద్దు.

పెందుర్తి_పిల్ల
చూశాను. మంచి ఫైల్‌లో మీరు చెప్పిన గుర్తే ఉంది. దీంట్లో అక్కడ అన్నీ సున్నాలు.

కోడ్_కబుర్లు
మంచి ఫైల్ మొదటి ఆరు బైట్లు ఇందులో ఆ సున్నాల మీద రాసి సేవ్ చేయండి. ఆరే. చొప్పించకండి, మీద రాయండి.

పెందుర్తి_పిల్ల
వచ్చింది!!! మొదట్లో ఒక్క క్షణం గరగరమంది, తర్వాత మొత్తం పాట. అమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది.

డాబాగార్డెన్స్_రిపేర్
శభాష్. ఇంక ఆ సున్నా బైట్ల ఫైల్. కార్డు మీద ఇంకేమీ రాయలేదు కదమ్మా? అయితే కార్డు మొత్తానికి ఒక నకలు తీసి, ఆ నకలు మీద ఫోటోరెక్ అనే రికవరీ ప్రోగ్రామ్ నడుపు. పేరు ఫోటో అని ఉన్నా ఆడియో కూడా వెతుకుతుంది. అదీ ఉచితమే. ఎప్పుడో డిలీట్ చేసినవి కూడా దొరకచ్చు. ఇలాంటి పాత కార్డులు వాడకుండా ఏళ్ళ తరబడి ఉంటే లోపల దాచుకున్న విద్యుత్తు మెల్లగా కారిపోతుంది, ఆలస్యం చెయ్యకు.

జగదాంబ_కుర్రోడు
మెమరీ కార్డు అంటే గుర్తొచ్చింది. మా షాపు పక్కనే ఒకాయన కార్డుల్లో పాటలు ఎక్కించేవాడు. అరచేతిలో పట్టేంత తెర మీద 176 బై 144 పిక్సెళ్ళ వీడియో. హీరో మొహంలో ముక్కు ఎక్కడో కళ్ళు ఎక్కడో తెలిసేది కాదు, అయినా వీధంతా చేరి చూసేవాళ్ళం.

ఉక్కు_బీ_షిఫ్ట్
కోడ్ తమ్ముడు వీడియో పంపాడు. మొదటి కొన్ని సెకన్లు పచ్చగా ముద్దలా ఉంది. తర్వాత నాలుగు నిమిషాలు శుభ్రంగా ఉంది. నాన్న గొంతు ఉంది. ఇంకేం రాయలేను ఇప్పుడు. ఎప్పుడైనా గాజువాక వస్తే మా ఇంట్లో భోజనం చెయ్యాలి తమ్ముడూ, తప్పదు.

సీతమ్మధార_మాస్టారు
నా సంగతి కూడా చెప్పాలి. ఆ గల్ఫ్ కుర్రాడు ఏపీకే పంపాడు. జిప్ లాగా విప్పితే 108 పద్యాలూ ఉన్నాయి. పిల్లలు చదివినవి కూడా. అందులో ఒక అమ్మాయి ఇప్పుడు విజయనగరంలో టీచరు. ఈసారి యాప్‌తో పాటు విడిగా ఫైళ్ళు కూడా అందరికీ అందేలా పెడతాను.

పెందుర్తి_పిల్ల
ఫోటోరెక్ రాత్రంతా నడిచింది. సున్నా బైట్ల పాట దొరకలేదు. అది పోయినట్టే. కానీ నాన్న ఎప్పుడో డిలీట్ చేసినవి మూడు దొరికాయి. రెండు మా చిన్నప్పటి అల్లరి. మూడోది పదకొండు సెకన్లు. నానమ్మ పాట మొదలుపెట్టకుండా "ఇందులోకి ఎక్కుతోందేట్రా నా గొంతు? ఎవరింటార్రా ఇది?" అని అడుగుతుంది. నాన్న నవ్వుతారు, అక్కడితో అయిపోతుంది. పాట లేదని అప్పుడు తీసేశారట. ఇప్పుడు దాన్నే మళ్ళీ మళ్ళీ పెట్టమంటున్నారు.

భీమిలి_అల
ఇది చదివి మా అమ్మకి చెప్పాను. అమ్మకి కూడా దంపుళ్ళ పాటలు వచ్చు, సగం సగం. ఆ పోయిన పాట ఏదో మీ నాన్నగారికి గుర్తుందా? మొదటి మాటలు చెప్తే మా అమ్మకి తెలుసేమో కనుక్కుంటాను.

పెందుర్తి_పిల్ల
నాన్న మొదటి రెండు వరుసలు పాడారు. ఇప్పుడే రికార్డు చేసి మీకు పంపాను అక్కా. డాక్యుమెంట్‌గానే పంపాను.